లేని పుస్తకానికి వేసిన కార్డు

2016 జూలై 4, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నేను లేని పుస్తకానికి ఒక కేటలాగు కార్డు టైపు చేశాను. తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కళాశాలకు లైబ్రేరియన్‌గా అది నా పందొమ్మిదో సంవత్సరం. మూడేళ్ల డిగ్రీ పొడవునా సాగే గ్రంథాలయ శిక్షణను ఆ ఏడే మొదలుపెట్టాను. మొదటి ఏడు విద్యార్థి కార్డు చూసి అలమరలో పుస్తకం వెతకాలి. రెండో ఏడు యాక్సెషన్ రిజిస్టరులో, అంటే కొన్న ప్రతి పుస్తకానికీ వరుస సంఖ్య వేసే చిట్టాలో, సరిచూడడం నేర్చుకోవాలి. మూడో ఏడు తన ప్రాజెక్టులో పేర్కొన్న ప్రతి పుస్తకాన్నీ తెచ్చి నా బల్లమీద పెట్టాలి.

కార్డు ఉన్నంత మాత్రాన పుస్తకం ఉన్నట్టు కాదని నేర్పడానికే ఆ దొంగకార్డు. శీర్షిక 'పొగడలంక: కొల్లేటిలో మునిగిన ఊరు'. ఊరూ, రచయితా నా కల్పన. అది ఉండవలసిన చోట రెండు పుస్తకాల నడుమ రెండు వేళ్ల ఖాళీ వదిలాను. వెతికి, 'దొరకలేదు' అని చీటీ రాసినవారికి మార్కులు. తరవాతి బ్యాచికి తెలిసిపోకూడదని అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు.

మిగతా అరల్లో పుస్తకాలు వారం తిరక్కుండా ఒరిగిపోయేవి. ఆ ఖాళీ మాత్రం ఆరేళ్లూ రెండు వేళ్లే ఉంది. అటెండరు సత్యవతిని అడిగితే, "దుమ్ము దులిపినప్పుడు నేనే సర్దుతానండీ. వచ్చేదాని చోటు కదండీ," అంది.

2022 మే 9, సోమవారం, నాగదుర్గ తన ప్రాజెక్టు తెచ్చింది. చరిత్ర విద్యార్థిని, కొల్లేటి ఒడ్డు పల్లె. తరగతిలో మొదటి స్థానానికి ఆ ప్రాజెక్టు మార్కులే మిగిలాయి. బుధవారం వైవా. దానికి ముందు నా సంతకం కావాలి. పిల్లల సంఖ్య పెరిగాక పాదసూచికలన్నీ చూడడం మానేసి నేను ఐదింటికొకటి చూసేదాన్ని. ఆ రోజు ఐదోది పొగడలంక, నలభై ఏడో పుట.

"ఈ పుస్తకం ఎక్కడ చూశావమ్మా?"

"చూళ్ళేదండీ. ఎవరో తీసుకెళ్ళి ఇవ్వలేదనుకున్నామండీ. సీనియర్ల ప్రాజెక్టులో ఉన్నదే రాశానండీ."

పాత ప్రాజెక్టులు దింపించాను. 2019లో ఒకరు పుస్తకం పేరు మాత్రమే రాశారు. మరుసటి ఏడు ఇంకొకరు పుట సంఖ్య చేర్చారు. ఆపైవారు ఆ పుటలోని వాక్యమంటూ ఎత్తి రాశారు: వేసవిలో నీరు తీసినప్పుడు గుడి అరుగు బయటపడుతుంది. నాగదుర్గదానితో కలిపి ఏడు ప్రాజెక్టులు.

అలాంటి ఊరు లేదని, ఆ పేరు నేనే పెట్టానని చెప్పాను.

"అదేంటండీ మేడమ్! నేను వెళ్ళి చూసొచ్చానండీ," అంది.

మర్నాడు ఆమె వెంట వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. పడవాయన గుర్రపుడెక్క తప్పించుకుంటూ గంటసేపు గెడ వేసి, ఒక చోట ఆపాడు. నీటికి జానెడు పైన నల్లని రాతి అరుగు. చుట్టూ వందల కొంగలు. అరుగు మీద ఒక్కటీ లేదు.

"ఇదేనండీ పొగడలంక," అన్నాడు.

ఎవరు చెప్పారని అడిగాను.

"మీ కాలేజీ పిల్లలేనండీ. ఏటా వచ్చి, పొగడలంక ఏదీ, గుడి అరుగు ఏదీ అని ప్రాణం తీసేస్తారు. అంత దూరం వచ్చినోళ్ళని ఊరికే తిప్పి పంపుతామా అండీ? రాయి ఉన్నది ఇక్కడే."

"అంతకుముందు దీన్నేమనేవారు?"

గెడ పట్టుకుని నిలబడ్డాడు. "ఏదో ఉండేదండీ. మా నాన్న అనేవాడు." పడవ వెనక్కి తిప్పాడు.

నాగదుర్గ ఇంటికి వెళ్లి వాళ్ల మామ్మను అడిగాను. తన అత్తగారు ఆ లంకలోనే పుట్టిందని, దాన్ని పొగడలంక అంటారని చెప్పింది. ముందునించీ అదే పేరా అన్నాను.

"ఇంకోటి ఉందా అండీ?" అని నన్నే అడిగింది.

"నా చిన్నప్పుడు వేరే ఏదో అనేదానివి కదా మామ్మా?" అంది నాగదుర్గ.

"చదువుకున్నోళ్ళు మీరు చెప్పాక ఇక నా మాటేంటే!" అని నవ్వింది.

తప్పు నాదని ప్రిన్సిపాల్‌కు రాసి ఇచ్చాను. ఆ అధ్యాయం మీద సంతకం మాత్రం పెట్టలేదు. నాగదుర్గ దాన్ని తీసేసి వైవాకు వెళ్లింది. కార్డు చించి, పుస్తకాలు దగ్గరకు జరిపి ఖాళీ మూశాను. నెల తరవాత చూస్తే అక్కడ మళ్లీ రెండు వేళ్ల ఖాళీ. ఆ నెలంతా సత్యవతి సెలవులో ఉంది.

లేనిదాన్ని వెతకమన్నప్పుడు, వెతుకులాట అయ్యాక అది లేదని చెప్పడం కూడా పాఠంలో భాగమే. నేను ఆ భాగం చెప్పలేదు.

పోయినవి: కార్డు ఒకటి. ఏడు ప్రాజెక్టుల్లో పాదసూచికలు పద్దెనిమిది. నాగదుర్గకు రావలసిన మొదటి స్థానం. కొల్లేటిలో ఒక చోటి అసలు పేరు, ఒకటి.