మోటారు వేసే ముందు పిలుపు

దయ్యాల కథ మొదలైతే లేచి పక్క గదిలోకి వెళ్లిపోయే రకం నేను. చేసేది సాఫ్ట్‌వేర్ పని. ఏ తప్పుకైనా కోడ్‌లో ఎక్కడో ఒక వరుసలో కారణం ఉండి తీరుతుందని నమ్మి బతుకుతున్నదాన్ని. అయినా మా చిన్నాయన చావు నుంచి తప్పించుకున్న ఆ మధ్యాహ్నానికి మాత్రం అలాంటి వరుస నాకింకా దొరకలేదు.

మాది తమిళనాట రాజపాళయం. సేత్తూరు దారిలో మామిడి తోట ఉంది. అందులో మెట్ల బావి, నీళ్లలో మునిగి ఉండే మోటారు. మోటారు వేసే ముందు గట్టున నిలబడి లోపలికి కేక వేయడం మా తోటల్లో అలవాటు. లోపల ఎవరైనా దిగి ఉంటే బదులిస్తారు. మా తాత తోటలో తానొక్కడే ఉన్నా సరే కేక వేసి, బదులు కోసం కాసేపు చెవి ఒగ్గి నిలబడేవాడు. పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్లం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ గొంతూ, ఆ చాదస్తమూ మొత్తం మా నాయనకు వచ్చాయి.

ఇంట్లో కూర్చునే ఫోన్‌తో మోటారు వేసుకునేలా నేను ఒక యాప్ చేశాను. ఒకసారి రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది. చుట్టుపక్కల తోటల వాళ్లూ కావాలన్నారు, అయితే ఒక్కో తోటది ఒక్కో పద్ధతి. ప్రతి చిన్న మార్పుకూ యాప్‌ని కొత్తగా తయారు చేసి స్టోర్‌కు పంపాలంటే నా వల్ల కాదు. అందుకని యాప్ లోపల ఒక చిన్న స్క్రిప్ట్ ఇంజిన్ పెట్టాను. ఏ తోటకు కావలసిన నియమం ఆ తోటకు నాలుగు వరుసల స్క్రిప్ట్‌గా రాసిస్తే ఇంజిన్ చదివి నడుపుతుంది. ఆ ఇంజిన్ గదిలో కూర్చోబెట్టిన చుట్టం లాంటిది. నేను కిటికీలోంచి అందించినవి తప్ప దానికి బయటి సంగతి ఏదీ తెలియదు. ఇది గట్టిగా చెప్పగలను, ఆ కిటికీ పెట్టింది నేనే.

నాయన ఒక్కటే షరతు పెట్టాడు.

"పిలవకుండా మోటారు వేసేది లేదు. నీ యాపు పిలిస్తే సరి, లేకుంటే నాకొద్దు."

"బాయి కాడ మైకూ లేదు, స్పీకరూ లేదు. ఎట్ల పిలుస్తుంది నాయనా?"

"అదంతా నాకు తెలీదు. చదివింది నువ్వు గదా."

నాయనతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. ఆయన ముచ్చట తీర్చడానికి 'పిలుపు' అని ఒక ఫంక్షన్, అంటే అడిగితే బదులిచ్చే చిన్న కోడ్ ముక్క, రాసి స్క్రిప్ట్‌కు అందించాను. మోటారు వేసే ముందు స్క్రిప్ట్ దాన్ని అడుగుతుంది. బదులు ఏమీ లేకపోతే మోటారు వేస్తుంది. బదులు ఉంటే తెర మీద చూపించి ఆగిపోతుంది. ఫంక్షన్ లోపల ఉన్నది ఒక్కటే వరుస: ఎప్పుడడిగినా ఖాళీ బదులు ఇవ్వడం. నాయన మురిసిపోయాడు.

ఆ మధ్యాహ్నం తోటకు కరెంటు వచ్చిందని యాప్ చెప్పింది. నాయన బటన్ నొక్కాడు. ఫోన్ పట్టుకుని నా గదిలోకి వచ్చాడు.

"ఇదేందమ్మా, కొత్తగా పెట్టినావా?"

తెర మీద 'లోపల ఉండాను' అని ఉంది. మా ఇంటి తెలుగు, తమిళ అక్షరాల్లో. మాకు ఇంట్లో మాట తెలుగైనా బడి చదువు తమిళం. నేనైనా తెలుగు అక్షరాలు నేర్చుకున్నది కొన్నాళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేసినప్పుడే. యాప్‌లో నేను పెట్టిన సందేశాలన్నీ అచ్చ తమిళం. ఈ మాట నేను రాసింది కాదు.

"ఏదో తప్పు పడింది. మూసి మళ్లా నొక్కు నాయనా."

"ఉండానంటుంటే ఎట్ల నొక్కేది?"

అని బైకు తాళం తీసుకున్నాడు. నేను వెనక కూర్చుని దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాను.

తోటలో చిన్నాయన బండి ఉంది, ఫోన్ దాని పెట్టెలో ఉంది. మనిషి బావిలో ఉన్నాడు. ఛాతీలోతు నీళ్లలో నిలబడి మోటారు తాడు సర్దుతున్నాడు. కరెంటు లేదు గదా అని ఫ్యూజు తీయకుండానే దిగాడు. వైరు పైతొడుగు చిట్లి ఉందని తర్వాత ఎలక్ట్రీషియన్ చూపించాడు. మోటారు వేసి ఉంటే ఆ నీళ్లలోకి కరెంటు పారేది. ఇంకోసారి నొక్కమన్నది నేనే.

నాయన పరుగున పోయి ముందు ఫ్యూజు పీకాడు. తర్వాత గట్టు మీది నుంచి అరిచాడు.

"ఒరే, పైకి రారా!"

చిన్నాయన విసుక్కున్నాడు. "ఎన్నిసార్లు పిలుస్తావన్నా? లోపల ఉండానని అప్పుడే చెప్పినాను గదా!"

పైకి వచ్చాక నాయన తమ్ముణ్ణి కావలించుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే నోటికొచ్చినట్టు తిట్టాడు. చిన్నాయనకు తానేం తప్పు చేశాడో అర్థం కాక, తడి చేత్తో అన్న వీపు నిమురుతూ నిలబడ్డాడు. ఆ ఇద్దరి మీదా నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ పుట్టలేదు.

మొదట పిలిచిందెవరని చిన్నాయనను అడిగాను. తల ఎత్తి చూడలేదట. గొంతు విని అన్నే అనుకున్నాడట.

యాప్ మొత్తం వెతికాను. స్క్రిప్ట్, ఇంజిన్, రెండు రకాల ఫోన్లూ. ఆ మాట ఎక్కడా లేదు. ఫంక్షన్‌లో ఆ ఒక్క వరుసే ఉంది. మళ్లీ ఎన్నిసార్లు నడిపినా ఖాళీ బదులే.

ఈ మధ్య నాతో పనిచేసే అమ్మాయి కోడ్ చూస్తూ, ఈ ఫంక్షన్ ఏ పనీ చేయడం లేదక్కా, తీసేద్దామా అంది. వద్దన్నాను. అది ఎందుకుందో పక్కన రాయాలి కదా అని గుర్తుచేసింది. 'నాకు తెలియదు, తీయవద్దు' అని రాశాను.