పురుటికొచ్చిన బిడ్డ

లాక్‌డౌన్ దినాలల్ల వరంగల్ల మా కొత్తవాడ గల్లీ మొత్తం తుమ్ములకు భయపడ్డది. ఆ తుమ్ములు మా ఇంట్లకెల్లే వస్తుండె.

మా వెనుక అర్రల బిహార్ నుంచి వచ్చిన ఆలుమగలు కిరాయికుండిరి. ఆయన ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోస్తుండె, ఆమె అక్కడ్నే మిరపకాయలు ఏరుతుండె. బట్టలకు, బొంతలకు పట్టిన ఘాటుకు వాళ్ళు తుమ్ముదురు, నేను తుమ్ముదును. రెండేండ్ల సంది తుమ్ముతనే ఉన్నం, ఎవల ప్రాణం పోయింది? కరోనా వచ్చినంక మాత్రం అందరు మా దిక్కు యముణ్ణి చూసినట్టు చూసిండ్రు.

మార్కెట్ బందైంది. ఆమెకు ఎనిమిదో నెల నడుస్తాంది.

ఒకనాడు పొద్దుగాల్నే గల్లీ పెద్దమనిషి నలుగురిని ఎంటేసుకొని వచ్చిండు. వరుసకు నాకు మరిది. గడపకు అంత దూరం నిలబడి, "వదినా, బయటోళ్ళను రైలెక్కిస్తాండ్రు. వీళ్ళ ఆధార్ల ఊరు బిహార్‌ది. ఇక్కడోళ్ళన్నట్టు కిరాయి కాయితమేమన్న ఉన్నదా?" అన్నడు.

అర్ర కిరాయికిస్తే మా దిక్కు కాయితం ఎవలు రాస్తరు? అంతా నోటిమాటే. ఆ సంగతి ఆయనకు ఎరుక లేదా? ఆయనింట్ల కిరాయికున్నోళ్ళకు రాసిచ్చిండా?

తలుపు వెనుకకెల్లి ఆమె మెల్లగ అడిగింది. "అమ్మా, రైల్ల కంటనా?"

నాకు నషాళానికెక్కింది. "బయటామె ఎవలు? నా బిడ్డ! పురుటికి తల్లిగారింటికొచ్చింది. పురుటికొచ్చిన ఆడిబిడ్డను ఎల్లగొట్టే మొగోడుంటే ముందటికి రండ్రి!" అని మొత్తుకున్న.

నాకు పిల్లలు లేరని గల్లీల చంటిపోరనికి కూడ తెలుసు. ఒకామె మాస్కు లోపట కిసుక్కుమన్నది. అయినా ఎవ్వలు ముందటికి రాలె. ఎంతటి పగోళ్ళైనా సరే, పురుటికొచ్చిన పిల్లను గడప దిగుమనరు మా దగ్గర.

మరిది మాస్కు సదురుకున్నడు. "సరే వదినా, నీ బిడ్డనే. మరి అల్లుడు అత్తగారింట్ల తిష్ఠ వేసుడేంది? బిడ్డను దింపి ఆయన వాపసు పోవాలె గద. రివాజు తీసింది నువ్వే" అన్నడు.

నా మాటే నాకు అడ్డమొచ్చింది. వాని తెలివి మన్నుల పడ!

ఆమె మొగడే నన్ను సముదాయించిండు. "ఫికర్ చెయ్యకమ్మా, ఆమె ఇక్కడుంటె చాలు." రెండు జతల బట్టలు సంచిల పెట్టుకొని రైలెక్కను పోయిండు. పోయేటప్పుడు గూడ తుమ్ముకుంటనే పోయిండు పాపం.

దవాఖానల తల్లిగారిల్లని మా ఇంటి అడ్రసే చెప్పిన, రాసుకున్నరు. ఆడపిల్ల పుట్టింది. పుట్టిన కాయితంల ఊరు వరంగల్ అని పడ్డది. కండ్లు తెరవని పసిగుడ్డు ఇక్కడిదైంది, రెండేండ్లు బస్తాలు మోసినోడు ఇక్కడోడు కాలె. వాపసొస్తనని ఆయన ఎన్నిమార్లు తిరిగినా, వరంగల్ల ఉంటున్నట్టు కాయితం చూపియ్యుమని అక్కడ టేషన్ల పోలీసోళ్ళు వెనుకకు మలిపిరట. ఫోన్ల బిడ్డ మొఖం చూసి ఏడ్చిండు. ఆయన ఏడుస్తుంటె బొమ్మ ఆగిపోయింది, ఆమె అట్లనే ఫోన్ పట్టుకొని కూసున్నది.

పిల్లను తొట్టెల్ల ఏసుడు గూడ అయింది. మరిది మళ్ళొచ్చిండు. "పురుడెల్లింది గద వదినా. ఇగ బిడ్డను అత్తగారింటికి సాగనంపవా? రైళ్ళు నడుస్తున్నయి. ఆటో నేను మాట్లాడుత."

కొట్లాడుదామనుకున్న. కాని మొగడు ఆడ, పిల్లతోని ఈమె ఈడ, ఎన్నాళ్ళుంటరు? సరేనన్న.

బిడ్డన్నంక రివాజు తప్పద్దు. కొత్త చీర పెట్టిన. బియ్యంల పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టి, చాటల తెచ్చిన. "ఒడి పట్టు బిడ్డా" అన్న. కొంగు పట్టింది.

"ఇవేంటియమ్మా?"

"ఒడిబియ్యం. బిడ్డను పంపేటప్పుడు పోస్తం."

పట్టిన కొంగు ఇడిసిపెట్టింది. "ఉండుమని పోసే బియ్యముంటె పొయ్యమ్మా" అన్నది.

గల్లీ మొదట్ల ఆటో హారన్ కొడ్తనే ఉన్నది. నేను చాట తీస్కపోయి ఆ బియ్యాన్ని ఎసట్ల పోసిన. ఆ పూట ఇద్దరం పసుపన్నం తిన్నం.