మరమేకుల అప్పన్న ఎవరికి దండం పెట్టాడు

ఆ రోజుల్లో నాకు లోకం మీదున్న కోపమంతా ఒక్క కాగితంలో పట్టేది. తెల్లకాగితాన్ని మూడు మడతలు వేసి, నడుమ కత్తెరతో చిన్న గాటు పెట్టి, తిప్పి మడిస్తే ఎనిమిది పేజీల పుస్తకం అవుతుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. అందులో బొమ్మల కథలు వేసేదాన్ని. కథానాయకుడు మరమేకుల అప్పన్న అనే రోబో. ఒళ్లు కిరసనాయిలు డబ్బా, కళ్లు సైకిలు లైట్లు, చేతులకి వేళ్ల బదులు పటకార్లు (వేళ్లు గీయడం నాకు చేతకాదు, అసలు రహస్యం అదీ). రాజాంలో మాకు ఇనప సామాన్ల కొట్టు ఉండేది కాబట్టి అప్పన్నకి విడిభాగాల కరువు లేదు. ఒక పుస్తకంలో భావనపాడు సముద్రంలో సరదాపడి మునిగి తుప్పు పట్టి వచ్చాడు. ఇంకోదాంట్లో కొత్తవలసలో రైలెక్కితే, వీడిని మనిషి కింద రాయాలో సామాను కింద రాయాలో తేలక టిక్కెట్టు కలెక్టరు తన స్టేషనే దాటిపోయాడు. జిరాక్సు తీయించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచేదాన్ని. చదివి నవ్విన ప్రతి మనిషి పేరూ సాయంత్రం దీపం దగ్గర తలుచుకునేదాన్ని. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

చిన్నప్పటి నుంచీ ఆయాసం వల్ల నేను బడి మొహం చూడలేదు. కొట్లో బేరాలు లేని వేళ నాన్నే పాఠాలు చెప్పేవారు. ఇంట్లోంచే పదో తరగతికి కట్టాను. నాన్నకి అక్క, మా అత్త, మాతోనే ఉండేది. ఆవిడ లెక్క ప్రకారం చదువుకునేది ఇంజనీరింగు చదివే వాళ్లబ్బాయి, అంటే మా బావ. నేను ఇంటి పట్టున ఉన్న పిల్లను, అంతే. దసరాకి పూజ పెత్తనమంతా అత్తదే. కొట్లో కాటా నుంచి వంటింట్లో కత్తిపీట దాకా అన్నిటికీ బొట్టు పెట్టేది. పుస్తకాలు అమ్మవారి ముందు పేర్చి, మర్నాడు పొద్దున్న మళ్లీ దీపం పెట్టేదాకా ఎవర్నీ తెరవనిచ్చేది కాదు. ఆ ఏడు నాకు పదహారేళ్లు, ఒకటే పట్టుదల: నా అప్పన్న కూడా ఆ వరసలో కూర్చోవాలి. అమ్మవారి దగ్గర పెడితేనే అది పుస్తకం. లేకపోతే మడిచిన కాగితం.

పెట్టాను. అత్త తీసి కిటికీలో పెట్టింది. మళ్లీ పెట్టాను. మళ్లీ కిటికీలోకి పోయింది.

"ఒసే, నీ రోబో ఏటి సదివినాడే? పదో తరగతి పేసయ్యేడా?" అన్నాడు బావ, మోకాలెత్తు పుస్తకాల దొంతర మోసుకొస్తూ.

"నీలాగ సప్లిమెంటరీలు నేవు ఆడికి," అన్నాను. (బావ మొహం చూడాలి అప్పుడు.)

మూడోసారి అత్త ఊరుకోలేదు. పుస్తకం లాక్కుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం మొదలెట్టింది. అప్పన్న యజమాని ఆయుధపూజ నాడు వాడికి నుదుటిన బొట్టు పెడతాడు, కాళ్ల కింద నిమ్మకాయ పెడతాడు, ఇవాళ కదలకు అంటాడు. ఏడో పేజీలో అప్పన్న అడుగుతాడు: "బొట్టు నాకే ఎట్టీసినారు, దండం నాకే ఎట్టీసినారు. మరి నాను ఎవులికి ఎట్టాల?"

అత్త ఆగింది. ఆఖరి పేజీ తిప్పబోయింది. ఇంతలో పొయ్యి మీద పాయసం పొంగింది. పరిగెడుతూనే పుస్తకం కిటికీలోకి విసిరి, "ఇది పుస్తకం కాదే, సిన్న గుంటల ఆట. సదువుకున్నోళ్ల పుస్తకాలే ఎడతారు అమ్మవారి కాడ," అంది.

అంతే. పూజలోంచి నా లెక్కల పుస్తకం, నా తెలుగు వాచకం కూడా తీసేసి, అప్పన్నతో సహా ఒళ్లో పెట్టుకుని గడప బయట కూర్చున్నాను. "అలగైతే నావేవీ వద్దు," అన్నాను. లోపల పులిహోర పోపు వాసన. నాన్న వచ్చి చూసి, నా తల నిమిరి లోపలికి వెళ్లారు. మనసులో అమ్మవారికి చెప్పుకున్నాను: తల్లీ, నీ మీద కోపం కాదు, మధ్యలో ఉన్న మనిషి మీద.

పూజ అయ్యాక అత్త హారతి పళ్లెంతో గడప దాకా వచ్చింది. నా నుదుట కుంకం పెట్టింది. అదే వేలితో ఒళ్లో ఉన్న అప్పన్నకీ ఒక చుక్క పెట్టేసింది. "లోపలికి మాత్రం రానివ్వను. బయటే ఉండమను ఆడిని," అంది. నాకు ఏడుపొచ్చింది, పులిహోరా వచ్చింది, రెండూ కలిపి తిన్నాను.

తిన్నాక అత్త నా పక్కన చేరింది. "ఏదీ, ఆ ఆఖరి పేజీ తియ్యి. ఎవులికెట్టినాడే దండం?"

"బొట్టు పడ్డాది కదత్తా. రేపు దీపం ఎట్టేదాకా తెరవకూడదు. నువ్వే సెప్పినావు."

బావ పగలబడి నవ్వాడు. అత్త మాట తప్పే మనిషి కాదు. రోజంతా ఊహిస్తూనే ఉంది. "యజమానికి ఎట్టుంటాడు. కాదు, అమ్మవారికే. సెప్పవే గుంటా!" నేను చెప్పలేదు.

మర్నాడు దీపం వెలగ్గానే అత్త పుస్తకం తెరిచింది. ఆఖరి పేజీలో అప్పన్న పటకార్లు రెండూ జోడించి నూనె డబ్బాకి దండం పెడుతున్నాడు.

"అమ్మవారుండగా నూనె డబ్బాకేటే! అపచారం. అమ్మవారి బొమ్మెయ్యి, వచ్చే ఏడు నానే అందరికన్నా ముందరెడతాను."

"నన్ను నడిపించేది అమ్మవారు, నాను ఆవిడికి ఎడతాను. ఆడు కదిలేది నూనెతోటి. ఉన్నదే ఏసినాను, మార్చను."

"అయితే ఆడు గడప దాటడు."

"నానూ దాటనయితే."

నాలుగేళ్లు దసరాకి గడప బయటే కూర్చున్నాను. నాలుగేళ్లూ అత్త అక్కడికే వచ్చి ఇద్దరికీ బొట్టు పెట్టింది. ఆవిడ ఆత్మకి శాంతి కలగాలి.

ఇప్పుడు నాకు సొంత పూజగది ఉంది. నా పుస్తకాలు ఎక్కడ పెట్టుకున్నా తీసేవాళ్లు లేరు. మొన్న నా కొత్త బొమ్మల కథ అచ్చేస్తున్న ఒకాయన ఫోను చేసి, పుస్తకం పదిమందికీ నచ్చాలంటే ముగింపు కాస్త మెత్తగా ఉండాలండీ అన్నారు. నేను వెంటనే, "అలాగేనండీ, చూస్తాను," అన్నాను. ఫోను పెట్టేశాక కాసేపు సిగ్గుపడి, మళ్లీ ఆయనకే ఫోను చేసి, "మార్చనండీ," అన్నాను. గొంతు వణికింది. ఆ పదహారేళ్ల పిల్లకి వణకలేదు, అదీ పొద్దున్నే, కడుపులో మెతుకు లేకుండా.