గోడ మీద పసుపు చెయ్యి

గోపాలపూర్ రేవు దగ్గరి పెద్ద షెడ్డులో కాసులమ్మ ఏం చేస్తుందని అడిగితే, ఊళ్ళోవాళ్ళు ఇనప గది తుడుస్తుందనేవారు. అంత తేలిగ్గా తీసిపారేస్తే ఎలా? అది సూర్యుణ్ణి దాచే ఉక్కు కుండలో ఒక ముక్క. ఆకాశంలో సూర్యుడు మండే తీరునే ఏదో దూరదేశంలో ఆ కుండలో మండించి కరెంటు తీస్తారట. ముక్కే తాటిచెట్టంత ఎత్తు. లోపల గాలి కూడా మిగలకుండా తోడేస్తారు గనక, గోడ మీద వేలిముద్ర ఉన్నా పనికిరాదు.

అందుకని ఆడవాళ్ళు తలకు నూనె, ఒంటికి పసుపు, నుదుట బొట్టు మానుకుని పనికి రావాలి. కాసులమ్మ మొగుడు పైడన్న సముద్రం మీద వేటకెళ్ళేవాడు. అలాంటివాడి పెళ్ళాం బోసి మొహంతో తిరిగితే అత్త దేముడమ్మ ఊరుకుంటుందా? ఆ తిట్లన్నీ కోడలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. తెల్లబట్టలు తొడుక్కుని లోపలికి దిగితే ఆమెకు లోకం గుర్తుండేది కాదు. తను ఊపిరి తీస్తే గోడలూ ఊపిరి తీసేవి. సూర్యుడు ఇక్కడే నిద్రలేస్తాడనుకుంటూ నిదానంగా తుడిచేది.

ఒక ఏడు తుఫానుకి పైడన్న పడవ తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున్నే దేముడమ్మ ఏడుస్తూ కోడలి చేతులకు పసుపు రాసి, ఠాకురాణి అమ్మవారికి మొక్కించింది. కాసులమ్మ కాదనలేకపోయింది. చేతులు కడుక్కుని పనికి పోయింది, ఇంట్లో కూర్చుంటే మతిపోయేలా ఉందని. లోపల గోడ తడి ఇసుకలా చల్లగా తగిలింది. తనకు తెలియకుండానే చేతి తొడుగు తీసి, అరచెయ్యి ఆనించి అలా నిలబడిపోయింది.

సాయంత్రం తనిఖీకి, బరంపురం నుంచి వచ్చే ఇంజనీరు వైకుంఠరావు దీపాలన్నీ ఆర్పించి, కంటికి ఆనని మరకలను మెరిపించే ఊదారంగు లైటు వేశాడు. చీకట్లో ఒక చెయ్యి వెలిగింది. ఐదు వేళ్ళూ పచ్చగా, ఎవరో అవతలి నుంచి పిలుస్తున్నట్టు. అంత అందమైన తప్పు ఆ షెడ్డులో అంతకుముందు ఎవరూ చేసి ఉండరు.

తనదేనని కాసులమ్మ ఒప్పుకుంది. రావుగారు కేకలెయ్యలేదు. తుడిచెయ్యమన్నాడు, మరకుంటే ముక్క ఓడెక్కదన్నాడు. ఆమె గుడ్డ తీసుకుంది గానీ చెయ్యి లేవలేదు. మొగుడి జాడ తెలియని వేళ ఏ ఆడది తన పసుపు తనే తుడుచుకుంటుంది?

తనతో పాటే తుడిచే చిట్టమ్మ ఆ గుడ్డ అందుకుంది. చిట్టమ్మ మొగుణ్ణి సముద్రం ఎప్పుడో మింగేసింది. ఆమె ఆ పచ్చటి వేళ్ళను ఒక్కొక్కటే మెల్లగా తీసింది. తర్వాత మరక లోపలికి పోయేలా గుడ్డ మడిచి కాసులమ్మ చేతిలో పెట్టింది.

"తుడిసేసినాననుకోకప్పా. ఎత్తి దాసినాను. ఇంటికి అట్టుకెల్లు."

పైడన్న పారాదీప్ రేవులో ప్రాణాలతో తేలాడని వారం తిరక్కుండానే కబురొచ్చింది. కాసులమ్మ ఆ గుడ్డను గుండెకు హత్తుకుని ఏడ్చింది.

ముక్క ఓడెక్కి వెళ్ళిన రోజు అందరికీ సెలవు. కాసులమ్మ పసుపు గిన్నె పట్టుకుని చిట్టమ్మ గడప తొక్కింది. మొగుడు పోయినదానికి పసుపేటని వెనకే వచ్చిన దేముడమ్మ అడ్డుపడబోయింది. అంతలోనే కోడలి పసుపును ఎత్తి దాచిన చిట్టమ్మ చేతుల వంక చూసి, కొడుకు గుర్తొచ్చి, పక్కకు తప్పుకుంది. కాసులమ్మ ఆ చేతులను ఒళ్ళోకి తీసుకుని, రెండు అరచేతులకూ పసుపు రాసింది.