బీరపాదుకి కట్టిన తెల్లగొట్టం

పోయిన వారం పనుండి అమలాపురం వెళ్ళి, తిరుగు బస్సుకి ఇంకా వేళ ఉంది కదా అని ఒక పెద్ద సైకిళ్ళ షాపు ముందు నిలబడ్డాను. రాజోలులో మా నాన్నగారిది సైకిలు కొట్టు, అందుకని సైకిలు షాపు కనబడితే ఆగిపోవడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. అక్కడి మెకానిక్కు అట్టపెట్టెలోంచి ఒక గేరు సైకిలు ఫ్రేము బయటికి తీశాడు. దానికి ముందు ఒక చిల్లు, వెనకచక్రం బిగించే చోట ఇంకో చిల్లు, ఆ రెండింట్లోంచీ సన్నటి తెల్లటి ప్లాస్టిక్ గొట్టం కొసలు బయటికి కనబడుతున్నాయి. అతను గేరు వైరుని ముందు కొసలోంచి ఆ గొట్టంలోకి దూర్చి నెట్టుకుంటూ పోతే, అది వెనక కొసలోంచి బుద్ధిగా బయటికి వచ్చింది. అప్పుడు గొట్టాన్ని లాగి అవతల పారేశాడు. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను, నా బస్సు వెళ్ళిపోయింది.

మన ఈడువాళ్ళకి సైకిలంటే నల్లటిది. బ్రేకులకి రాడ్లుండేవి, ఏది ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తోందో కంటికి కనబడేది, చెడితే ఎక్కడ చెడిందో చూడగానే తెలిసేది. అలాంటి రోజులు ఇంకా పూర్తిగా పోకముందే, రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక, మా అక్క భర్త మస్కట్‌నుంచి సెలవుకి వస్తూ ఒక గేరు సైకిలుని ముక్కలు ముక్కలుగా అట్టపెట్టెలో పెట్టి మా ఇంటికి తెచ్చారు. బావగారు అక్కడ ఒక గోదాములో సరుకు దింపించే పనిలో ఉండేవారు. దీని పేరు మౌంటెన్ బైకట, అంటే కొండలెక్కే సైకిలు. ఏటిగట్టుకి మించి ఎత్తయినది చూసి ఎరగని మా సీమలో దీంతో ఏం చేస్తారో నాకు అర్థం కాలేదు. ఆ అర్థం కాకపోవడం అప్పుడు మొదలై ఇప్పటికీ నన్ను వదల్లేదు.

బావగారి ఆలోచన ఏమిటంటే, దిండిలో పడవ ఇళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళకి ఏటిగట్టు వెంబడి, కొబ్బరితోటల మధ్య తిరగడానికి ఇలాంటి సైకిళ్ళు అద్దెకివ్వడం. ముందు ఒకటి బిగించి తీసుకొస్తే మిగతాది మాట్లాడుకుందామని అక్కడి లాడ్జి ఆయన అన్నాడట. అది కుదిరితే ఇక మస్కట్ మొహం చూడనని బావగారు మా నాన్నగారితో అంటూంటే, వంటింట్లో ఉన్న మా అక్క చేతిలో గరిటె ఆగిపోవడం నేను చూశాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ భర్తని సెలవుల్లో తప్ప చూడని మనిషి తను.

గల్ఫ్ పెట్టె విప్పడం మా వైపు ఒక వేడుకని మీకు తెలిసే ఉంటుంది. సామాను సంగతి తర్వాత, ముందు పెట్టెకి చుట్టిన తాడు ఒకరికి, అట్ట ఒకరికి, స్పాంజి షీట్లు ఇంకొకరికి, ఇలా ఇరుగుపొరుగంతా పంచుకుంటే చివరికి చీపురుతో ఊడవడానికి కూడా ఏమీ మిగిలేది కాదు. ఆ రోజు బావగారు వీధిలో పలకరించవచ్చినవాళ్ళతో మాట్లాడుతుండగా, ఫ్రేముకి చుట్టిన ప్యాకింగంతా మా అమ్మ ఊడదీసింది. చిల్లుల్లోంచి వేలాడుతున్న తెల్లగొట్టం కూడా ప్యాకింగే అనుకుని లాగితే బారుగా వచ్చింది. కొబ్బరితాడు లేతకాడల్ని కోసేస్తోందని చాలాకాలంగా బాధపడుతోందేమో, ఇంత మెత్తటిది దొరికిందని మురిసిపోతూ దాన్ని పట్టుకెళ్ళి పెరట్లో బీరపాదుని దడికి కట్టుకుంది. మేమంతా బాగుందన్నాం. నిజంగానే బాగుంది.

చక్రాలు, హేండిలు, పెడళ్ళు నాన్నగారి చేతిలో ఇట్టే కుదురుకున్నాయి. గేరు వైరు దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయింది. పెట్టెలో వచ్చిన కాగితంమీద ఒక బాణం గుర్తు ముందు చిల్లులోకి వెళ్ళి వెనక చిల్లులోంచి వచ్చేది, మధ్యలో ఏమవుతుందో ఆ బొమ్మ వేసినవాడు చెప్పలేదు. మేము దూర్చిన వైరు పెడళ్ళ దగ్గరికి వెళ్ళి అక్కడే చుట్ట చుట్టుకుని పడుకునేది. కొబ్బరి ఈనె దూరిస్తే విరిగి ముక్క లోపలే ఉండిపోయింది. గేలపు దారానికి సీసపు గుండు కట్టి, ఫ్రేముని నిలబెట్టి జారవిడిస్తే ఎక్కడో ఠంగుమని తగిలేది కానీ బయటికి వచ్చేది కాదు. పంక్చరుకి వచ్చినవాళ్ళు కూడా కూర్చుని తలా ఒక సలహా ఇచ్చేవారు, నాన్నగారు అందరికీ ఆయ్, అలాగేనండి అంటూనే తన పాట్లు తను పడేవారు. బయట ఇంత చోటుండగా వైరుని లోపల దాచడమెందుకో మాలో ఒక్కరికీ బోధపడలేదు.

సెలవు కరిగిపోతోంది. ఒక పొద్దున్న కాఫీ ఇస్తూ అక్క నాతో మెల్లిగా అంది, "ఆ వైరు బయటికొస్తే ఈయన ఉండిపోతారురా. నాన్నగార్ని ఇంకొక్కసారి చూడమను."

ఇంకొక్కసారి కాదు, నాన్నగారు ఎన్నిసార్లు చూశారో. చివరికి విసిగిపోయి, వైరుని ఫ్రేముకి బయటినుంచే క్లిప్పులతో బిగించేశారు. నేను ఏటిగట్టుమీద తొక్కి చూశాను, గేర్లు చక్కగా పడుతున్నాయి, గట్టు ఎక్కేటప్పుడు కాళ్ళకి బరువే తెలియలేదు. ఆనందంగా తిరిగొచ్చి చెబితే బావగారు సైకిలు చుట్టూ తిరిగి, ఖాళీగా ఉన్న చిల్లుమీద వేలు పెట్టి చూశారు.

"బానే ఉందండి మావయ్యగారూ. కాకపోతే లోపల్నుంచి వెళ్ళాల్సిందండి" అన్నారు.

అంతే. ఆ సైకిలుని దిండి తీసుకెళ్ళలేదు. సెలవు అయిపోగానే మస్కట్ వెళ్ళిపోయారు. వైరు బయట ఉందని వెళ్ళారో, లాడ్జి ఆయన మాటమీద నమ్మకం లేక వెళ్ళారో, అసలు ఉండిపోవాలనే లేదో, మాకెవరికీ తెలియలేదు, ఎవరూ అడగనూ లేదు. ఆ ఏడు బీరపాదు మాత్రం విరగకాసింది. అక్క ఆ కాయలు కోస్తూ కళ్ళు తుడుచుకోవడం చూసి నాకు దుఃఖం ఆగలేదు.

బావగారు తల నెరిశాక వచ్చేశారు. అప్పనపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళోనే ఉంటున్నారు. అమలాపురంలో ఆ గొట్టం చూసినవాణ్ణి మా ఇంటికి పోలేక, తర్వాతి బస్సెక్కి తిన్నగా వాళ్ళింటికే వెళ్ళాను. అక్క లోపల ఉన్నప్పుడు చూసి, జరిగిందంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాను.

"నాకప్పుడే తెలుసయ్యా" అన్నారు బావగారు. "గోదాములో పెట్టెలో పెట్టేటప్పుడు చూసేను ఆ గొట్టం. ఇక్కడ కనబడకపోతే దార్లో పోయిందనుకుని ఊరుకున్నాను. వెళ్ళేముందు పెరట్లోకెళ్తే పాదుకి ఉంది. అత్తయ్యగారు అంత ముచ్చటపడి కట్టుకున్నారు, ఎలా చెప్తాను?"

మరి అందుకేనా వెళ్ళిపోయారని అడిగాను. "ఏమోనయ్యా" అన్నారు.

మా అమ్మ ఆ సంగతి తెలియకుండానే కన్నుమూసింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఎవరికి ఏది అనిపిస్తే అది మొహంమీదే అనేస్తారు, పొద్దున్న కోపాలు వస్తాయి, సాయంత్రానికి పోతాయి. అప్పుడు బావగారు ఆ ఒక్కమాట పైకి అని ఉంటే అమ్మ నొచ్చుకునేది, అక్కకి అన్నేళ్ళ ఒంటరితనం తప్పేదేమో. మర్యాద అనుకుని మనం మింగేసిన మాటలు ఎవరికి మేలు చేశాయో, ఎవరికి కీడు చేశాయో, ఈ వయసులో లెక్కతేల్చబోతే నాకు తల తిరుగుతోంది.

వచ్చేసేముందు, ఎప్పుడో మా ఇంటినుంచి తెచ్చి వాళ్ళ పాకలో వేలాడదీసిన ఆ సైకిలుని ఊరికే కాస్త వంచాను. లోపల విరిగిన ఈనెముక్క గలగలమని జారింది. కాఫీ గ్లాసులతో వస్తున్న అక్క, ఏమిటా చప్పుడని అడిగింది. నేను బావగారి వైపు చూశాను. ఆయన తల వంచుకుని ఉన్నారు.

ఏమీ లేదక్కా, పాత సైకిలు కదా, అన్నాను.