చప్పిడి పథ్యం

రక్తపోటుకు ఉప్పు తగ్గించమన్నారని మా కోడలు నెల రోజులుగా నాకు చప్పటి పప్పు పెడుతోంది. మొదటి ముద్ద నాలుకకు తగలగానే రేపల్లెలో కనకమ్మగారి వంటిల్లు గుర్తొస్తుంది. ఆ పూట అన్నం సయించదు.

కనకమ్మగారు మా హెడ్మాస్టరు వెంకటరత్నంగారి భార్య. డెబ్బైల మొదట్లో నేను ఆ బళ్ళో లెక్కల మాస్టరుగా చేరాను. డైరీ రాయడం నేర్పింది ఆయనే. "చూసింది రాయవోయ్, అనుకున్నది కాదు. అనుకున్నవి రాయడానికి ఊళ్ళో కవులు చాలామందే ఉన్నారు" అనేవారు. ఆయనకొక జబ్బు ఉండేది. రెండు నెలలు కంటిమీద కునుకు లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, బజారు గోడల మీద సుద్దముక్కతో రేఖాగణితం సిద్ధాంతాలు రాసేవారు. తర్వాత నాలుగు నెలలు మంచం దిగేవారు కాదు. టీకొట్టు దగ్గర పిచ్చి పంతులని నవ్వేవాళ్ళు. ఇంకోసారి ఇలా అయితే ఉద్యోగం ఉండదని పైవాళ్ళు తేల్చి చెప్పారు.

తెనాలిలో నరాల డాక్టరు దగ్గరికి రైల్లో నేనే తీసుకెళ్ళాను. ఆయన అప్పుడే కొత్తగా వస్తున్న లిథియం బిళ్ళలు రాసిచ్చాడు. "ఉప్పు మామూలుగా తినాలండి. మానేస్తే ఈ మందు ఒంట్లో పేరుకుపోయి విషమవుతుంది. చేతులు వణికితే వెంటనే రండి" అన్నాడు. అక్కడికక్కడే డైరీ తీసి రాసుకున్నాను. "చూశారా డాక్టరుగారూ, నా శిష్యుడు!" అని మాస్టారు మురిసిపోయారు.

ఏడాదిన్నర ఆయన అందరిలాంటి మనిషి. "ఇదేంటోయ్, పొద్దున్నే లేవాలనిపిస్తోంది నాకు!" అని తనలో తనే ఆశ్చర్యపోయేవారు.

వేసవి పరీక్షల రోజుల్లో కనకమ్మగారు, మందు పూర్తిగా వంటపట్టాలని, మండలం పాటు చప్పిడి పథ్యం మొదలుపెట్టారు.

"డాక్టరుగారు ఉప్పు తినమన్నారండి" అని నసిగాను.

"ఇంగ్లీషు మందైనా మందే కదా నాయనా. పథ్యం లేని మందెక్కడుంది? మా పుట్టింట అందరూ వైద్యులే, నాకు చెప్పకు" అన్నారావిడ.

పెద్దావిడతో వాదించడం మర్యాద కాదనుకున్నాను. నాకూ విస్తరి వేసి అదే పప్పు వడ్డించారు. తిన్నాను. బాగుందన్నాను కూడా.

తొమ్మిదో రోజు డైరీలో "మాస్టారి చెయ్యి వణుకుతోంది" అని రాశాను. పదో రోజు "మజ్జిగ గ్లాసు ఒలికింది." పదకొండో రోజు "మాట ముద్దగా వస్తోంది." చూసింది చూసినట్టే రాశాను. పన్నెండో రోజు ఆయన బడి మెట్ల మీద కూలిపోయారు.

తెనాలి డాక్టరు ప్రాణం నిలబెట్టాడు. "ఉప్పు మాన్పించిందెవరు?" అని మా ఇద్దరి మీదా అరిచాడు. కనకమ్మగారు ఒప్పుకోలేదు. మందే విషమని, ఇంటికి రాగానే మిగిలిన బిళ్ళలు కాలవలో పారేశారు. ఆరు నెలలకు బజారు గోడల మీద మళ్ళీ సుద్దరాతలు కనిపించాయి. ఉద్యోగం పోయింది. ఆయన్ని బాపట్లలో తమ్ముడి ఇంట్లో, బయట గడియ పెట్టిన గదిలో ఉంచారు.

నేను చివరిసారి వెళ్ళినప్పుడు నెమ్మదిగా ఉన్నారు. "ఏమోయ్, నేను పడిపోకముందు డైరీలో ఏం రాశావు?" అని అడిగారు. నాకు కంఠతా వచ్చు. మూడు రోజుల రాతలూ అప్పజెప్పాను. పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు తలూపుతూ విన్నారు.

"బాగా రాశావు. ఎవరికి చెప్పావు?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు కాస్త తూలినా, ఎవరి చెయ్యి వణికినా డాక్టరుకు ఫోన్ చేసేదాకా ఊరుకోను. చాదస్తం ముదిరిందని పిల్లలు నవ్వుతారు. చెప్పాకే డైరీ తీస్తాను. ఆయన విషయంలో మాత్రం రాసి, మూసి, పడుకున్నాను.