తలాపు రేకు

పాతికేళ్ళు కావస్తోంది. ఇంతకాలంగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, రెండే రెండు మాటలు. దానివల్ల ఎవరూ జైలుకు పోలేదు, ఎవరి కొంపా మునగలేదు. అందుకేనేమో, ఎవరికైనా చెప్పుకుందామనుకున్నప్పుడల్లా "ఓస్, ఇంతేనా" అంటారని ఆగిపోయాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను. మీకూ ఇంతేనా అనిపించవచ్చు. అనిపించినా సరే, చివరిదాకా వినండి.

అప్పటికి నాకు ముప్ఫై నిండలేదు. తెనాలి దగ్గర్నుంచి డిప్లొమా పట్టుకుని వచ్చి, బస్సులకు బాడీ కట్టే షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను. మణికొండలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన ఆ గుండ్రటి భవనం కొత్తగా లేచింది. చుట్టుపక్కల ఇంకా రాళ్ళు పేలుస్తూనే ఉండేవారు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా, లోకమంతా ఎటో పోతోంది, నేను మాత్రం ఇక్కడే రేకులకు రివెట్లు కొట్టుకుంటూ ఉండిపోతానేమోనని బెంగగా ఉండేది.

ఒకరోజు విశ్వనాథం గారు మా షెడ్డుకు వచ్చారు. భూగర్భ సర్వేలో పనిచేసి రిటైరైన మనిషి. నల్లగండ్లలో తన స్థలంలో ఒక పాత అల్యూమినియం డబ్బా ఉంది, బాగు చేస్తారా అని అడిగారు. మా ఓనరు బస్సులు తప్ప ఇంకేదీ ముట్టనన్నాడు. నాకే మనసు ఊరుకోక ఆదివారం వెళ్ళి చూశాను.

ఆయన డబ్బా అన్నారు గాని అది చిన్న ఇల్లు. లారీ వెనక తొట్టిలోకి జారించి బిగించుకునే గది. లోపల పడక, మడతపెట్టే బల్ల, స్టవ్వు పెట్టుకునే గట్టు, రెండు కిటికీలు. ఎప్పుడో అమెరికా నుంచి వచ్చిన బృందం ఒకటి తెచ్చుకుని, పోతూ పోతూ ఇక్కడే వదిలేసిందట. విశ్వనాథం గారు, ఆయన భార్య లలితమ్మ గారు గోదావరి అడవుల్లో పన్నెండేళ్ళు అందులోనే కాపురం చేశారు. లారీ నడిపింది బక్కయ్య. నానక్‌రామ్‌గూడ మనిషి. లలితమ్మ గారు పోయాక డబ్బాను ఇటుకల మీదికి దించేశారు. మళ్ళీ ఎవరూ దాని జోలికి పోలేదు. నేను చూసేసరికి రేకంతా తెల్లగా పొడి రాలుతోంది. కప్పు అతుకుల్లోంచి వాన దిగి లోపలి కొయ్య చట్రం చివికిపోయింది. పడక మీద కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి.

"బాగుచేస్తే ఒక్కసారి ఆ అడవుల్లో చర్ల దాకా పోయొస్తానయ్యా," అన్నారు విశ్వనాథం గారు. "కళ్ళు పూర్తిగా పోకముందే." ఆయనకు చూపు తగ్గుతోంది. బక్కయ్యే బండి నడపాలని వాళ్ళిద్దరూ ముందే అనుకున్నారు.

ఆరు నెలల ఆదివారాలు అక్కడే గడిపాను. పాత రివెట్లు ఒక్కొక్కటే డ్రిల్లుతో తీసి, రేకులకు సుద్దతో నంబర్లు వేసి, చివికిన కర్ర తీసేసి కొత్త టేకు చట్రం కట్టాను. రేకు అవతలి వైపు పట్టుకునేది బక్కయ్య. అరవై దాటినా చేతులు వణికేవి కావు. మాట్లాడుతూనే ఉండేవాడు. ఏ వాగు దగ్గర ఏ ఏడు బండి దిగబడిందో, తాను అమ్మ అని పిలిచే లలితమ్మ గారు ఏ ఊళ్ళో ఏ కూర వండారో అన్నీ చెప్పేవాడు. అంత జ్ఞాపకం ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పని చివరికొచ్చేసరికి విశ్వనాథం గారిని కంటి ఆపరేషనుకు చేర్చారు. అక్కడినుంచి బక్కయ్య కబురు తెచ్చాడు.

"సారు చెప్పి పంపిండు బిడ్డా. పడక తలాపున రేకున్నది సూడు, దాన్ని ముట్టొద్దంట. అమ్మ రాసింది దాని మీద."

కిటికీకి రబ్బరు ఎక్కిస్తున్నాను. "సరే" అన్నాను. ఆయన గేటు దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"యాదుంటది గద?"

"ఉంటుందిలే బక్కయ్యా."

తర్వాత వెళ్ళి చూశాను. కిరసనాయిలు పొగకు ఆ రేకు నల్లబడి ఉంది. పక్కనుంచి వెలుతురు పడితే గీతలు కనిపించాయి. లలితమ్మ గారు పిన్నీసుతో గీసిన ఊళ్ళ పేర్లు. ఉట్నూరు, మంగపేట, దుమ్ముగూడెం, చర్ల. బస చేసిన ప్రతి ఊరూ ఉంది. గుండ్రటి అక్షరాలు. కొన్నిచోట్ల వరస తప్పి కిందికి జారాయి.

అప్పుడే నాకొక అవకాశం వచ్చింది. మణికొండలో నా పక్క గది అబ్బాయి పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో, భవనం పనులన్నీ చూసుకునే మనిషి కావాలట. వాళ్ళ మేనేజరుకు పాత బళ్ళంటే ప్రాణం. డబ్బా సంగతి చెబితే, ఆదివారం పొద్దున వచ్చి చూస్తానన్నాడు.

శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. బయటా లోపలా రేకంతా బఫింగ్ మిషనుతో మెరిపించాను. లోపలికి అడుగుపెడితే మన ముఖం మనకే కనిపిస్తోంది. ఆ ఒక్క రేకు తప్ప. తలుపు తీయగానే ఎదురుగా అదే, నల్లటి మరకలా.

మరిచిపోయానా? లేదు. ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వేసుకున్నానో. మరిచిపోయానని నమ్మితే హాయిగా ఉండేది. కాని రేకును గీకే ఎమిరీ కాగితం చేతిలోకి తీసుకున్నప్పుడు బక్కయ్య మాట చెవిలోనే ఉంది. ముందు పొగ మసి మాత్రమే తీస్తానని నాకు నేను చెప్పుకున్నాను. మసి పోయింది. గీతలు ఇంకా స్పష్టంగా బయటపడ్డాయి, పిల్లలు పాడుచేసిన పలకలాగా. వాటిని చూస్తూ ఒక నిమిషం నిలబడ్డాను. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. దాన్ని మార్చకుండా రాస్తున్నాను: ఎలాగూ ఆయనకు కనిపించదు కదా.

అరగంటలో అయిపోయింది.

మేనేజరు వచ్చి చాలా మెచ్చుకున్నాడు. నాకు ఉద్యోగం ఖాయమైంది.

ఆ వారంలోనే విశ్వనాథం గారు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చారు. కళ్ళకు నల్లద్దాలు. బక్కయ్య చెయ్యి పట్టుకుని మెట్టెక్కించాడు. ఆయన కొత్త గట్టు తడిమారు, కిటికీ తీసి వేశారు, "బాగుందయ్యా, చాలా బాగుంది" అన్నారు. తర్వాత నేరుగా పడక మీదికి వంగి, తలాపు వైపు చెయ్యి చాపారు. కళ్ళు మసకబారినప్పటి నుంచి ఆయన ఆ పేర్లను వేళ్ళతోనే చదువుకుంటున్నారు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

వేళ్ళు రేకు మీద పై నుంచి కిందికి వచ్చాయి. మళ్ళీ పైకి పోయాయి.

"రేకు మార్చావా?" అన్నారు.

"లేదండి. అదే. పాలిష్ చేశాను."

"దీన్ని ముట్టవద్దని బక్కయ్యతో చెప్పించానే."

బక్కయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నాకు చెప్పలేదండి," అన్నాను.

బక్కయ్య నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. జేబులో పెట్టుకున్న వస్తువు కనిపించక వెతుక్కునేవాడిలా చూశాడు.

"చెప్పిన గద..." అని మొదలుపెట్టి ఆగాడు. "చెప్పిన్ననే అనుకుంటున్న సారూ. దవాఖాన కాడికెల్లి సీదా ఈడికే వచ్చిన." మళ్ళీ నా వైపు తిరిగాడు. "చెప్పలేదా బిడ్డా?"

నిజంగానే అడిగాడు. నా నోటి నుంచి తెలుసుకుందామని అడిగాడు. చదువుకున్నవాణ్ణి, ఆరు నెలలు తనతో కలిసి పనిచేసినవాణ్ణి, అబద్ధమాడతానని ఆయనకు తోచలేదు. తన మీద తనకు అనుమానం రావడమే ఆయనకు తేలికైంది. నేను తల అడ్డంగా ఊపాను.

"అయితే మర్శిపోయిన్నేమో సారూ. తప్పు నాదే."

విశ్వనాథం గారు రేకు మీదనుంచి చెయ్యి తీయలేదు. "పోనీలే బక్కయ్యా," అన్నారు. "ఇద్దరం పెద్దవాళ్ళమైపోయాం." ఒక్క గట్టి మాట కూడా అనలేదు, బక్కయ్యనుగాని నన్నుగాని.

చర్ల ప్రయాణం జరగలేదు. ముహూర్తం కూడా పెట్టుకున్నాక బక్కయ్య బండి నడపనన్నాడట. "గంత మాట మర్శినోన్ని, స్టీరింగ్ ఎట్ల పట్టాలె సారూ. మిమ్ముల ఏ లోయల పడేస్తనో" అన్నాడట. ఇంకో డ్రైవరును మాట్లాడదామంటే విశ్వనాథం గారు ఒప్పుకోలేదు. బక్కయ్య ఆ తర్వాత బండి నడపడమే మానేశాడు. మరుసటి ఏడు ఆ స్థలంలో కొంత రోడ్డు వెడల్పులో పోయింది. డబ్బాను సినిమా షూటింగుల వాళ్ళెవరో తీసుకుపోయారు. ఆపై కొద్దికాలానికే విశ్వనాథం గారు పోయారు. ఇవన్నీ నాకు వాళ్ళ పక్కింటివాళ్ళ ద్వారా తెలిశాయి. నేనుగా మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే, పిరికితనంతో నోరు జారిన ఒక్క క్షణమని సర్దిచెప్పుకునేవాణ్ణేమో. కాని రెండేళ్ళ తర్వాత నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో కోసం నిలబడి ఉండగా బక్కయ్య ఎదురయ్యాడు. పక్కన ఆయన భార్య. ఆయన్ని ఒంటరిగా బయటికి పంపడం లేదని ఆమె చెప్పింది. "మతి లేదని ఆయనే అంటడు సారూ. మాకైతే అన్నీ మంచిగనే యాదున్నట్టు అనిపిస్తది. కాని తాళం ఏసినంక నాలుగుసార్లు పోయి సూస్తడు."

బక్కయ్య నన్ను చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు. "జర ఏమనుకోకు బిడ్డా," అన్నాడు. "గా దినం నా మతిమరుపుకు నీ మీద మాటొచ్చే. సారు ముంగట నువ్వు చిన్నబోయినవు. ఎప్పుడన్న కనవడితె అడుగుదమనుకున్న."

నన్ను క్షమాపణ అడుగుతున్నాడు.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏ మనిషికీ దొరకదు. విశ్వనాథం గారు అప్పటికే లేరు. నా ఉద్యోగానికి వచ్చే ముప్పూ లేదు. వింటున్నది ఆ భార్యాభర్తలిద్దరే. చెప్పి ఉంటే ఆయన ఆ రోజు తన మతి తనకు తిరిగి తెచ్చుకుని ఇంటికి పోయేవాడు. ఎందుకు చెప్పలేదు? భయమా? ఎవరంటే? ఆ చేతులు అంత ఆప్యాయంగా పట్టుకుని ఉన్నాయి. అవి వదిలేస్తాయేమోనని కాబోలు.

"పర్వాలేదులే బక్కయ్యా, అవన్నీ ఎందుకిప్పుడు," అన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఆటో వచ్చింది. ఎక్కాను.

మొదటి అబద్ధానికి ఏదో ఒక సాకు వెతుక్కోవచ్చు. చెయ్యని తప్పుకు ఆ మనిషిని నేను మన్నించాను చూడండి, దానికి సాకు లేదు.

బక్కయ్య పోయి చాలా కాలమైంది. ఆయన భార్య ఉందో లేదో తెలియదు. వాళ్ళ ఇల్లున్న చోట ఇప్పుడు అద్దాల మేడలున్నాయి. కిందటి నెల వెళ్ళి ఇద్దరు ముగ్గురిని అడిగాను, ఎవరికీ ఎరుక లేదు. ఇంకా వెతుకుతాను. దొరికితే ఆమెకు చెబుతాను. ఆమె తిడితే పడతాను, ఏమీ అనకపోతే అదీ పడతాను. మన్నించమని మాత్రం అడగను. మిమ్మల్నీ అడగడం లేదు.

బక్కయ్య నాకు చెప్పాడు. ఆయన మతి చక్కగా ఉంది. నేను విన్నాను, సరేనన్నాను, కావాలని చెరిపేశాను. ఈ నాలుగు మాటలూ రాసి, గదిలో ఒక్కణ్ణే ఉండి, గొంతెత్తి ఒకసారి చదువుకున్నాను. నా చెవులతో నేను వినడం ఇదే మొదటిసారి.